నిలబడని ఇంజను

"తలుపెన్నింటికి మూశావు?"

"ఎనిమిదయ్యుంటాది బాబూ."

"అప్పుడు బండిలో ఎవరున్నారు?"

"ఎవులూ నేరు. మా బావ పొద్దుగూకే యేలకే బండి ఒగ్గీసి, ఆఫీసుకాడికెల్లొత్తాననీసి ఎలిపోనాడు. నాను రేకు తలుపు దింపీసి తాళమేసీసినాను."

"తాళంచెవి?"

"ఒకటి నా మొలతాడుకుంటాది. ఇంకోటి ఆఫీసులో ఉంటాది."

"పొద్దున్న తాళం తీసిందెవరు?"

సూరన్న లాకప్పు ఊచలు పట్టుకుని అలాగే కిందికి జారి కూలబడ్డాడు. "నానే బాబూ," అన్నాడు చివరికి. "సీటు మీద పక్కకొరిగిపోయున్నాడు. నిద్దరోతన్నాడనుకున్నాను. లెగు బావా అనీసి బుజం మీద సెయ్యేసినాను."

 ఇవే ప్రశ్నలు ముందువెనకలు చేసి శ్రీరామ్మూర్తి అడగడం ఇది మూడోసారి. అబద్ధమాడేవాడి జవాబు అడిగినకొద్దీ నున్నబడుతుంది. వీడిది అడిగినకొద్దీ ముక్కలవుతోంది. అన్నీ నిజాలే చెబుతున్నాడని శ్రీరామ్మూర్తికి నమ్మకం కుదిరింది గానీ, ఆయన నమ్మకం ఏ కోర్టులోనూ చెల్లదు.

మిలటరీ వర్క్‌షాపులో ఇంజన్లతో ఏళ్లకేళ్లు కుస్తీ పట్టి, ఆ తర్వాత విశాఖపట్నంలో ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్న మనిషి శ్రీరామ్మూర్తి. బోర్డు చూసి వచ్చేవాళ్లలో సగంమంది పెళ్లాం ఎక్కడికి వెళుతోందో చూసిపెట్టమనేవాళ్లే. చిట్టమ్మ అలా రాలేదు. రోజూ ఆయన గుమ్మంలో చేపలగంప దింపి ఆయన భార్యతో బేరాలాడే మనిషి, నిన్న గంప లేకుండా వచ్చి మెట్ల మీద కూర్చుంది. "నా మొగుడు సచ్చిపోనాడు. నా తమ్ముడ్ని పోలీసోలు పట్టుకుపోనారు. ఇంక నాకెవులున్నారు బాబూ?" అంది. అంతకంటే ఏమీ అనలేదు, ఏడవనూ లేదు. ఆ ఏడవకపోవడమే శ్రీరామ్మూర్తికి రాత్రంతా నిద్ర లేకుండా చేసింది.

కేసు చూడబోతే పోలీసులకి వడ్డించిన విస్తరిలా ఉంది. చచ్చిపోయిన అర్జునరావు సూరన్నకి అక్కమొగుడు. ఇద్దరిదీ జాలరిపేటే. ఉక్కు ఫ్యాక్టరీ కట్టే పనుల్లో ఉన్న మేఘాద్రి ఎరెక్టర్స్ అనే కంపెనీలో బావ డ్రైవరు, బామ్మర్ది మెకానిక్కు. కంపెనీకి జపాను నుంచి ఓడ మీద దిగిన పికప్పు ట్రక్కు ఒకటుంది. పెందుర్తిలోని కంపెనీ గ్యారేజిలో, ఆ ట్రక్కు ముందు సీట్లో, నిన్న పొద్దున్న అర్జునరావు శవం దొరికింది. అద్దాలన్నీ ఎత్తేసి ఉన్నాయి. ఏసీ స్విచ్చి వేసి ఉంది. తాళంచెవి తిప్పి ఉంది. ట్యాంకులో చుక్క పెట్రోలు లేదు. ఇంజను పొగ పీల్చి పోయాడని, అది రాత్రి తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య జరిగిందని డాక్టరు రాశాడు.

మే నెల ఉక్కకి తట్టుకోలేక అర్జునరావు ఏసీ వేసుకుని పడుకున్నాడట, బామ్మర్ది బయట నుంచి తలుపు దింపి తాళం వేసేశాడట. రెండు రోజుల ముందే ఇంటి పడవ అమ్మే విషయంలో ఇద్దరూ కల్లుపాక దగ్గర అందరూ చూస్తుండగా చొక్కాలు పట్టుకున్నారు. పోలీసులకి ఇంకేం కావాలి?

"సరే, బండి సంగతి చెప్పు. దానికేం రిపేరొచ్చింది?" అన్నాడు శ్రీరామ్మూర్తి.

ఇంజను మాటెత్తేసరికి సూరన్న గొంతు కొంచెం నిలబడింది. "పొగ వాల్వు బాబూ. సైలెన్సర్లోకెల్లే పొగలో రవ్వంత మల్లీ ఇంజన్లోకే పంపిత్తాది. గాలి పాడవకుండా జపానోలు ఎట్టినారట. మన బండ్లకి అలాటిది నేదు. అది మసి పట్టీసి, తెరుసుకున్నది తెరుసుకున్నట్టే బిగిసిపోనాది. తోల్తన్నంతసేపూ బానే ఉంటాది. కాలు తీసీసినామంటే లోపల పొగెక్కువైపోయి ఇంజన సచ్చిపోద్ది."

"కాలు తీస్తే ఆగిపోతుందా? ఖాయంగా?"

"గంగమ్మ తల్లి మీదొట్టు. ఏసీ ఏసినామంటే మరీని. మా బావ గేటుకాడ ఆగినా ఎక్సలేటరు మీద కాలు తీసీవోడు కాదు."

 కాలు తీస్తే ఆగే ఇంజను, డ్రైవరు నిద్రపోతుంటే ఎలా తిరిగింది? తిరగని ఇంజను పొగ ఎలా కక్కింది?

"ఇది పోలీసులకి చెప్పలేదా?"

"సెప్పబోతే సెంప పగలగొట్టినారు."

"కొత్త వాల్వు తెప్పించలేదా మరి?"

"వొచ్చీసింది బాబూ. అమాస ముందురోజున ఆఫీసులో గురునాథరావు బాబు బల్ల మీద నా కల్లతో సూసినాను. అయితే అమాసనాడు మా పేటలో కొత్త సామాను ముట్టం. పడవకైనా అంతే, ఇంజనకైనా అంతే. అమాస ఎల్లినాక బిగిత్తానంటే, సర్లే, అందాకా నాకాడే ఉంటాదన్నారు."

అర్జునరావు పోయింది సరిగ్గా ఆ అమావాస్య రాత్రే.

"ఏటి డిటెక్టివ్ గారూ, మా లాకప్పు మీకు సత్రంలా కనిపిస్తోందా?"

వెనక్కి తిరగకుండానే అది సీఐ పోలిరాజు గొంతని శ్రీరామ్మూర్తికి తెలిసింది. మూడేళ్ల కిందట హార్బరు కేసొకటి పోలిరాజు తేల్చేశానని చెప్పుకున్న మర్నాడే శ్రీరామ్మూర్తి అసలు దొంగని తెచ్చి అప్పగించాడు. పేపర్లో పడింది. అప్పట్నుంచీ ఈ మనిషి కనిపిస్తే పోలిరాజుకి అన్నం సయించదు.

"సత్రమైతే చెంపలు పగలగొట్టరు కదండీ," అన్నాడు శ్రీరామ్మూర్తి.

"హంతకుణ్ణి పళ్లెంలో అక్షింతలేసి అడగమంటారా? రేపు కోర్టులో పెడుతున్నాను. మర్డరు కేసు. ఉరి తప్పినా యావజ్జీవం తప్పదు. మీరూ మీ చేపలావిడా ఎవరి కాళ్లు పట్టుకున్నా ఇంతే."

"కాళ్లు పట్టుకోవడానికి రాలేదు. ఒక్క సంగతి చెప్పండి. నిన్న పొద్దున్నుంచి ఆ బండిని ఎవరైనా ముట్టుకున్నారా?"

"గ్యారేజికి సీలేశాను. కానిస్టేబుల్ని పెట్టాను. పురుగు కూడా దూరలేదు."

"అయితే పదండి, స్టార్టు చేద్దాం. ఆ ఇంజను కాలు తీస్తే ఆగిపోతుందంటున్నాడు సూరన్న. ఆగిందా, మీ కేసు ఆగినట్టే. ఆగలేదా, మళ్లీ జన్మలో మీ స్టేషను గడప తొక్కను."

పోలిరాజు మీసం కింద నవ్వాడు. ఆ రెండో మాట అతనికి చాలా నచ్చింది. "జీపు తియ్యమను," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ దొరబాబుతో.

స్టేషను అరుగు మీద కూర్చున్న చిట్టమ్మ నేనూ వస్తానంది. పోలిరాజు కసిరాడు. ఆమె కదలకుండా జీపు పక్కనే నిలబడింది. చివరికి అతనే విసుక్కుని వెనక సీటు చూపించాడు.

దారిలో గోపాలపట్నం దగ్గర కంపెనీ ఆఫీసు. శ్రీరామ్మూర్తి అక్కడ ఆపమన్నాడు. కరెంటు పోయినట్టుంది, వెనక చిన్న గదిలోంచి జనరేటరు మోత చెవులు చిల్లులు పడేలా వినిపిస్తోంది. కంపెనీ బళ్ల వ్యవహారాలన్నీ చూసే ఆఫీసరు గురునాథరావు ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్లాడు. మనిషి మల్లెపువ్వులా ఉన్నాడు, మాట వెన్నముద్దలా ఉంది. లోపలికి వెళ్లేముందే జీపులో ఉన్న చిట్టమ్మని పలకరించాడు. "నేనున్నాను కదమ్మా, ధైర్యంగా ఉండు," అన్నాడు. ఆమె దిగి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టింది.

సీసాలు తెప్పించి కూల్‌డ్రింకులు ఇప్పించాక గురునాథరావు సొరుగులోంచి చిన్న పొట్లం తీశాడు. "సింహాద్రి అప్పన్న గంధమండీ. మొన్న చందనోత్సవంలో దొరికింది," అంటూ పోలిరాజు నుదుట బొట్టు పెట్టాడు. శ్రీరామ్మూర్తి నుదురూ వదల్లేదు. ఆ గదిలో ఆయన వదిలిన వస్తువంటూ లేదు. టెలిఫోను మీద ఓ చుక్క, టైపు మిషను మీద ఓ చుక్క, బీరువా పిడి మీద ఓ చుక్క. బల్ల మీద ఎవరో తెచ్చిపెట్టిన కొత్త ఫ్యాను బెల్టు డబ్బాకి కూడా చుక్క పెట్టేసి ఉంది.

"అర్జునరావు ఆ సాయంత్రం ఇక్కడికి వస్తానని బయల్దేరాడట," అన్నాడు శ్రీరామ్మూర్తి.

"రాలేదండీ. చీకటి పడకముందే ఆఫీసు మూసేశాం."

"గ్యారేజి రెండో తాళంచెవి మీ దగ్గరుంటుందట?"

"ఉండేది. ఎప్పుడో పోయింది. మళ్లీ చేయించలేదు."

"పికప్పుకి కొత్త వాల్వు వచ్చిందటగా?"

గురునాథరావు గంధం పొట్లం మడుస్తున్నాడు. మడత తప్పింది. మళ్లీ విప్పి మొదటి నుంచి మడిచాడు. "లేదండీ. అది తెచ్చే ఓడ ఇంకా హార్బరు బయటే లంగరేసి ఉంది. వచ్చిందని ఎవరన్నారు?"

"సూరన్న. మీ బల్ల మీదే చూశానన్నాడు. పాత వాల్వుతో బండి నిలబడదని, కాలు తీస్తే ఆగిపోతుందని కూడా అన్నాడు. అందుకే ఇప్పుడు వెళ్లి స్టార్టు చేసి చూడబోతున్నాం."

"పాపం, భయంతో ఏదో మాట్లాడుతున్నాడు. వాణ్ణి పనిలో పెట్టుకున్నదీ, వాడి పెళ్లి చేసిందీ నేనే. చూడండి, నిక్షేపంగా స్టార్టవుతుంది." గురునాథరావు నిట్టూర్చాడు. "ఇంకా లాకప్పులోనే ఉన్నాడా? భోజనం పంపిద్దామని."

"అక్కడే ఉన్నాడు. పంపించండి," అన్నాడు పోలిరాజు, సీసా అడుగుదాకా పీల్చి.

పెందుర్తి గ్యారేజి దగ్గర సీలు విప్పి రేకు తలుపు ఎత్తేసరికి లోపలి వేడి మొహానికి కొట్టింది. బండి ముందు సీటు మీద ఇంకా అర్జునరావు తువ్వాలు పడి ఉంది. అది చూసి చిట్టమ్మ బయటే ఆగిపోయింది. బ్యాటరీ దిగిపోతే జీపు బ్యాటరీకి తీగలు కలిపారు. క్యానుతో పెట్రోలు పోశారు. పోలిరాజు తానే ఎక్కి తాళంచెవి తిప్పాడు. ఇంజను అందుకుంది.

"ఇప్పుడు కాలు తియ్యండి," అన్నాడు శ్రీరామ్మూర్తి.

పోలిరాజు కాలు తీశాడు. ఇంజను ఆగలేదు. ఏసీ వేశాడు. మోత కొంచెం తగ్గి, మళ్లీ సర్దుకుంది. అందరూ ఎదురుచూశారు. ఇంజను హాయిగా, సమంగా తిరుగుతూనే ఉంది. ఎక్కడా తొట్రుపాటు లేదు.

"ఆగమని చెప్పండి డిటెక్టివ్ గారూ! మీ మాట వింటుందేమో!" పోలిరాజు బండి దిగి పొట్ట పట్టుకుని నవ్వాడు. "మెకానిక్కు వెధవ మిమ్మల్ని బాగా తిప్పాడే. ఇంక గడప సంగతి గుర్తుంచుకోండి."

కానిస్టేబుల్ కూడా నవ్వాడు. గుమ్మంలోంచి చిట్టమ్మ చూస్తోంది. ఆ చూపు తప్పించుకోవడానికే శ్రీరామ్మూర్తి బానెట్టు ఎత్తాడు. సూరన్న అబద్ధమాడాడా? ఇంతసేపూ ఆ గొంతు విని తాను మోసపోయాడా? ఆయనకి తన మీద తనకే కోపం వచ్చింది.

లోపల ఏళ్ల నాటి దుమ్ము, నూనె జిడ్డు. ఇంజను పక్కన, గొట్టాల మధ్య, అరచేతి వెడల్పున పుట్టగొడుగు ఆకారంలో ఓ వస్తువుంది. చుట్టూ అంతా నల్లగా ఉంటే అదొక్కటి తళతళలాడుతోంది. పొగ వాల్వు. కొత్తది.

శ్రీరామ్మూర్తి టార్చి దగ్గరగా పెట్టాడు. వాల్వు నడినెత్తిన చిన్న చుక్క. ఇంజను వేడికి ఎండి పగుళ్లు తీసింది. గోటితో గీకి వాసన చూశాడు.

"సీఐ గారూ, ఇంజను ఆపి ఇలా రండి. ఈ బొట్టు ఎక్కడైనా చూశారా?"

పోలిరాజు నవ్వుతూనే వచ్చి వంగాడు. చూశాడు. అతని చెయ్యి తనకి తెలియకుండానే పైకి లేచి సొంత నుదుటిని తడిమింది.

"ఓడలో ఉందన్న వాల్వు ఇది," అన్నాడు శ్రీరామ్మూర్తి. "లంగరేసిన ఓడలోంచి ఈదుకుంటూ వచ్చి ఇక్కడ బిగుసుకుందంటారా?"

"ఆ సూరన్నే తెచ్చి బిగించి ఉంటాడు."

"బిగించినవాడు, బండి బాగైపోయిందని తెలిసినవాడు, బండి నిలబడదు చూసుకోండని మన చేత స్టార్టు చేయిస్తాడా? ఎవడైనా తన ఉరితాడు తానే పేనుకుంటాడా?"

"అమాసనాడు మా తమ్ముడు కొత్త సామాను ముట్టడు బాబూ," అంది చిట్టమ్మ గుమ్మంలోంచి. "తల్లి పేనం మీదికొచ్చినా ముట్టడు. పేటలో ఎవుల్నైనా అడగండి."

పోలిరాజు ఆమెని కసరలేదు. కానీ ఒప్పుకోనూ లేదు. "ఎవడు బిగిస్తేనేం? బిగించాడు. ఇంజను రాత్రంతా తిరిగింది. మనిషి చచ్చాడు. మీ మాట ప్రకారం చూసినా నా కేసు నిలబడే ఉంది."

"రాత్రంతా తిరిగిందో లేదో ఇదే చెబుతుంది."

శ్రీరామ్మూర్తి చొక్కా విప్పి బానెట్టు మీద పడేశాడు. గోడకున్న స్పానర్లలోంచి ఒకటి ఏరి, గుడ్డ చుట్టుకుని పనిలోకి దిగాడు. రబ్బరు గొట్టం లాగి, రెండు నట్లూ తీసి, వాల్వుని ఊడదీసి వెలుతురులోకి తెచ్చాడు. పొగ తగిలే మూతిలో చిటికెనవేలు పెట్టి తిప్పి చూపించాడు. వేలికి బూడిదరంగు పొర పలచగా అంటింది.

"ఇది ఇప్పుడు మనం నడిపినందుకు పట్టింది. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా తిరిగిన ఇంజనైతే వేలు కాటుకలో ముంచినట్టు రావాలి. ఈ వాల్వు బిగించాక ఇంజను మహా అయితే ఓసారి స్టార్టు చేసి చూశారు, అంతే. ఆ తర్వాత పెట్రోలు తోడేశారు. తాళంచెవి తిప్పి, ఏసీ స్విచ్చి వేసి వదిలేశారు."

"ఎందుకంత తిప్పలు? నడుపుతూనే వదిలెయ్యొచ్చుగా?"

"ఎదురుగా రాత్రంతా లారీలు ఆగే చోటు. మూసిన గ్యారేజిలో ఇంజను మోగుతుంటే ఎవడో ఒకడు వచ్చి తలుపు కొడతాడు."

 శ్రీరామ్మూర్తి అప్పటికే గ్యారేజి మూల ఇనప తుక్కు కుప్ప దగ్గర మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతున్నాడు. ఇనుముని దాచాలనుకునేవాడు ఇనుములోనే దాస్తాడు. తుప్పు పట్టిన సామాన్ల కింద చెయ్యి పెట్టి తడిమితే తడి నూనె తగిలింది. బయటికి లాగాడు. అదే ఆకారం, అదే కొలత, మసితో కర్రిగా ఉంది. నట్లు పట్టే చోట స్పానరు జారిన గీత ఇంకా మెరుస్తోంది. లోపలి మూత సగం తెరుచుకుని బిగిసిపోయింది. బొటనవేలితో ఎంత నొక్కినా కదల్లేదు.

"సూరన్న చెప్పిన పాత వాల్వు ఇదే. ఇంకా అనుమానముంటే చూడండి."

పాతదాన్ని తిరిగి బిగించాడు. చెమట కళ్లలోకి దిగుతోంది. నట్టు చెయ్యి జారి కింద పడితే కానిస్టేబుల్ బండి కింద దూరి వెతికిచ్చాడు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

"ఎక్కండి," అన్నాడు శ్రీరామ్మూర్తి.

పోలిరాజు స్టార్టు చేశాడు. ఎక్సలేటరు తొక్కినంతసేపూ ఇంజను గర్జించింది. కాలు తీశాడు. బండి మొత్తం వణికి, రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేశాడు. మళ్లీ ఆగిపోయింది. ఈసారి చాలాసేపు వేడెక్కించి, మెల్లగా కాలు తీసి, ఏసీ వేశాడు. స్విచ్చి టక్కుమన్న చప్పుడు వినిపించేలోపే ఇంజను చచ్చింది.

పోలిరాజు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. దిగేటప్పుడు మొహం కందగడ్డలా ఉంది. ఎంత మొండి మనిషైనా కళ్ల ముందు చచ్చిన ఇంజనుతో వాదించలేడు.

"డాక్టరు మాత్రం ఇంజను పొగే అన్నాడు," అన్నాడు నెమ్మదిగా. "మరి ఏ ఇంజను?"

"మీరే ఆలోచించండి. అర్జునరావు ఎక్కడికి వెళతానని బయల్దేరాడు?"

పోలిరాజు నుదుటి మీద గంధాన్ని అరచేత్తో తుడిచేసుకున్నాడు. "ఆఫీసు వెనక గది," అన్నాడు. "ఆ జనరేటరు. తలుపేసి గడియ పెడితే చాలు." బానెట్టు వైపు చూశాడు. "శవాన్ని ఇక్కడికి తెచ్చి, పోయిందని చెప్పిన రెండో తాళంచెవితో తలుపు తీశాడు. బండి స్టార్టు చేస్తే నిలబడలేదు. నిలబడని బండిలో మనిషి పొగ పీల్చి పోయాడంటే ఎవడూ నమ్మడని వెనక్కెళ్లి కొత్త వాల్వు తెచ్చాడు. ఎందుకు చంపాడంటారు?"

"అది వాడే చెప్పాలి. ముందు సూరన్నని వదిలించండి."

శ్రీరామ్మూర్తి మొదటిసారి ఆ మనిషిలో పోలీసుని చూశాడు. పాత పగలు తర్వాత చూసుకోవచ్చుననిపించింది.

పక్కనే కలప డిపోలో ఫోనుంది. పోలిరాజు స్టేషనుకి కలిపించి, "దొరబాబూ, సూరన్నని బయటికి తీసి కూర్చోబెట్టు. అన్నం పెట్టించు. నేనొస్తున్నాను," అన్నాడు.

అవతలి గొంతు గట్టిగానే ఉంది. పక్కనున్న శ్రీరామ్మూర్తికి ప్రతి మాటా వినిపించింది.

"వదిలేశాం కదండీ! గురునాథరావు గారు ఇందాకే కారేసుకొచ్చారు. మీరు వాళ్లాఫీసుకొచ్చారనీ, మీరే వదిలెయ్యమన్నారనీ చెప్పారండి."

"నేనా? కాగితం లేకుండా ఎలా వదిలావురా?"

"అరెస్టు ఇంకా రాయలేదు కదండీ. మీరే వద్దన్నారు, కోర్టుకెళ్లేటప్పుడు రాసుకుందామని. రికార్డులో లేని మనిషికి కాగితమేటండీ? పెద్దమనిషి, పూచీ పడ్డారు. కార్లో ఎక్కించుకుని వెళ్లిపోయారు."

 శ్రీరామ్మూర్తి రిసీవరు లాక్కున్నాడు. "ఎటు వెళ్లారు? వెళ్లేముందు సూరన్న ఏమైనా అన్నాడా?"

"ఎటో చెప్పలేదండి. సూరన్నే, ఆయన కాళ్ల మీద పడి బోరుమన్నాడు. 'మా బావ ఆకరి రోజున నాకో మాట సెప్పినాడు బాబూ, కంపెనీలో దొంగతనం జరుగుతందని. పోలీసోలు సంపేత్తన్నా నోరిప్పనేదు, మీకే సెప్దామని దాసుకున్నాను' అన్నాడండి. ఆయన సూరన్న నోటి మీద చెయ్యేసి, 'ఇక్కడొద్దు, కార్లో చెబుదువుగాని' అన్నారు."

శ్రీరామ్మూర్తి రిసీవరు పెట్టేశాడు. వాల్వు బల్ల మీద చూశాడని, చూసింది సూరన్నేనని, ఆ గురునాథరావు మొహం మీదే చెప్పింది ఎవరు? తానే. మడత తప్పిన పొట్లం చూసి కూడా తెలివి తెచ్చుకోలేదు. ఒక ప్రశ్నతో వాడి ప్రాణాన్ని హంతకుడి చేతిలో పెట్టి, ఇక్కడ నట్లు బిగిస్తూ కూర్చున్నాడు.

పోలిరాజు అప్పటికే జీపు వైపు పరిగెడుతున్నాడు. అన్ని స్టేషన్లకీ వైర్‌లెస్సులో చెప్పమని కానిస్టేబుల్ మీద అరుస్తున్నాడు.

చిట్టమ్మ ఎదురొచ్చింది. మగవాళ్ల హడావిడి ఆమెకి అర్థమైనట్టు లేదు. బండి ఆగిపోవడం మాత్రం చూసింది. సూరన్న చెప్పింది నిజమేనని తేలడం చూసింది.

"నా తమ్ముడ్ని ఒగ్గీసినారా బాబూ?"

శ్రీరామ్మూర్తి జీపు వైపు చూశాడు. "ఒగ్గీశారమ్మా."

"ఇంటికెలిపోనాడా?"

"గురునాథరావు వచ్చి కార్లో తీసుకెళ్లాడట."

నిన్నటి నుంచి మంచినీళ్లయినా ముట్టని ఆ మనిషి మొహం ఒక్కసారిగా తేటపడింది. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. అప్పుడు వచ్చాయి ఆమెకి కన్నీళ్లు.

"ఆ బాబు తీసుకెల్లినాడా?" అంది. "అయితే ఇంక మాకు బయం నేదు."